అత్త చేతి ఉప్పు

చలిగది
నవంబరు 4

మేనత్తగారి సముఖానికి,

ముక్కు ఇంకా ముఖానికే అంటుకుని ఉన్న మేనల్లుడు సవినయంగా విన్నవించేది ఏమంటే, శిబిరం నుంచి నువ్వు పంపిన మొదటి మంచు పెట్టెలు చేరాయి. నీ ఉత్తరమూ చేరింది. కాకపోతే దాన్ని పెట్టె మూత కింద, మంచు పక్కనే పెట్టి పంపావు కనుక బడిపిల్లల పలకలా బిగుసుకుపోయి వచ్చింది. విప్పితే విరుగుతుందేమోనని చంకలో పెట్టుకుని కాసేపు వెచ్చబెట్టాను. మేనత్త ఉత్తరాన్ని పొదిగిన మేనల్లుడు చరిత్రలో నేనొక్కడినే అయి ఉంటాను.

ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. సిఫారసు చేసింది నువ్వే కనుక దివ్యంగా ఉందనే చెప్పాలి. రెండు ప్యాంట్లు, మూడు స్వెట్టర్లు వేసుకుని ఈ మంచు పరీక్షల గది గుమ్మం దాటగానే కనురెప్పలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పెన్నులో ఇంకు గడ్డకడుతుంది కాబట్టి అన్నీ పెన్సిలుతోనే. నీ డ్రిల్లు పైకి లాగిన మంచు కడ్డీని అద్దం బల్ల మీద పడుకోబెట్టి, కింద దీపం వెలిగిస్తాను. అప్పుడు చారలు కనిపిస్తాయి. ఎండాకాలం మంచు ఒక తీరు, చలికాలం మంచు ఇంకో తీరు. ఆ రెండూ కలిస్తే ఒక ఏడాది. నిన్న తాతయ్య పుట్టిన ఏడాదిని రంపంతో కోశాను. వేలెడు మందం ఉంది. అంత పెద్దమనిషికి అంత చిన్న ఏడాదా అనిపించింది.

కోసిన ముక్కను కరిగించి, ఆ నీటిని మా యంత్రానికి తాగిస్తే, అందులో ఏమేం ఉన్నాయో అది గీతలు గీసి చూపిస్తుంది. ఎప్పుడో ఎక్కడో పేలిన కొండ బూడిద ఉంది. ఒకప్పుడు పెట్రోలులో కలిపిన సీసం ఉంది. ఏ ఊళ్లోని బొగ్గు పొగో, అదీ ఉంది. జనం ఊళ్లలో కూర్చుని చేసిన నిర్వాకాలన్నీ జనమే లేని చోట భద్రంగా పోగుపడి ఉన్నాయి. పై ముక్కల్లో మాత్రం నాకు నచ్చనిది ఒకటుంది. మధ్యమధ్య గాజుముక్కలా నిగనిగలాడే పట్టీలు. మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టిందన్నమాట. తాతయ్య కాలంలో దీపం పెట్టి వెతికినా లేవు. పైకి వచ్చేకొద్దీ లావెక్కుతున్నాయి. పెద్దసారుకి చూపిస్తే "ఊఁ" అన్నారు. ఆయన నిఘంటువులో ఉన్నది ఆ ఒక్క మాటే.

రేడియోలో మాట్లాడుకోవచ్చు కదా, ఈ ఉత్తరాలేమిటని అమ్మ అడుగుతోంది. రేడియో ఉన్నది వాతావరణం చెప్పుకోవడానికి, ఉత్తరాలున్నది తిట్టుకోవడానికి అని నచ్చజెప్పాను.

ఇట్లు,
చలికి తప్ప ఎవరికీ భయపడని
నీ మేనల్లుడు

*

శిబిరం
నవంబరు 19

ఒరేయ్ గడుగ్గాయీ,

నువ్వు పొదిగిన ఉత్తరం సంగతి అందరికీ చదివి వినిపించాను. మా వంటాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ అబ్బాయిని ఇక్కడికి పంపించమనండి మేడమ్, గుడ్లు పొదిగిద్దాం" అన్నాడు. గుడ్లు లేవు, అది వేరే సంగతి.

మేము ఉన్న చోటు నీకు సరిగ్గా అర్థమైనట్టు లేదు. ఇది నేల మీది మంచు కాదు. ఒడ్డు దాటి సముద్రం మీదికి నాలుకలా చాచుకున్న మంచు. మా పాదాల కింద సుమారు వంద అడుగుల లోతున సముద్ర మట్టం ఉంటుంది. అక్కణ్ణించి కిందికి మంచంతా నీళ్లలో మునిగి తేలుతోంది. మంచు గట్టిది కనుక నీళ్లకీ మాకూ సంబంధం లేదు. వంటాయనకి ఈ సంగతి చెప్పినప్పటి నుంచి మెల్లగా అడుగులేస్తున్నాడు.

మొత్తం ఆరుగురం. మూడు చోట్ల గుంతలు తవ్వాలి. మొదటిది సముద్రం వైపున్న డీజిల్ డ్రమ్ముల దగ్గర, రెండోది దారి మధ్యలో, మూడోది ఒడ్డు వైపున్న భోజనాల షెడ్డు వెనకాల. డ్రమ్ముల నుంచి షెడ్డు దాకా వెదురు కర్రలకి ఎర్ర జెండాలు కట్టి వరసగా పాతించాను. మంచు తుఫాను వస్తే మన చెయ్యి మనకే కనపడదు, జెండా పట్టుకుని నడవాల్సిందే. ఒక కన్ను మూసి, దారం లాగినట్టు సూటిగా పాతించాను. నా పని సంగతి నీకు తెలుసుగా.

ఇక్కడ రాత్రి పడదు. ఎండ ఎంతకీ దిగదు. అప్పుడప్పుడూ నేల అడుగున ఎవరో ఇనప ట్రంకు పెట్టెని ఈడుస్తున్నట్టు చప్పుడు. మంచు సర్దుకుంటోంది, మామూలే. మెకానిక్కు మాత్రం "కింద వాటా వాళ్లు ఇల్లు మారుతున్నట్టున్నారు" అంటాడు.

ఆ గాజు పట్టీలు నేనూ చూశాను. నా మొదటి శిబిరంలో ఒక్కటీ ఉండేది కాదు. ఎక్కువ ఆలోచించకు. కొలిచి రాసిపెట్టు.

చేతులు కడుక్కునే తింటున్నావా? చిన్నప్పుడు మట్టి చేతులతోనే కంచం ముందు కూర్చునేవాడివి. తోమి తోమి నా చేతులు అరిగాయి.

అత్త

*

చలిగది
డిసెంబరు 6

అత్తగారికి వేయి దండాలు, ఒక ఫిర్యాదు.

చేతులు కడుక్కున్నావా అని నన్ను ఇరవై ఏళ్లు అడిగిన మహాతల్లివి. ఇప్పుడు నేను అడుగుతున్నాను. అత్తా, నువ్వు చేతులు కడుక్కుంటున్నావా?

విషయం గంభీరమైనది, కుర్చీలో కూర్చుని చదువు. డ్రమ్ముల దగ్గరి గుంతలోంచి తీసిన కడ్డీలు పరీక్షించాను. పైవన్నీ శుద్ధం. సముద్రపు గాలికి ఎగిరొచ్చే చిటికెడు ఉప్పు ఎలాగూ ఉంటుంది, దాని లెక్క వేరు. కానీ వందడుగుల దగ్గరి ముక్కలకి వచ్చేసరికి మా యంత్రం గీత కాగితం దాటి బల్ల మీదికి వెళ్లబోయింది. ఉప్పు! మామూలు ఉప్పు కాదు, పక్కింటివాళ్లకి అప్పివ్వడానికి సరిపోయేంత ఉప్పు. యంత్రం పాడైందనుకుని కడిగి మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే.

లోతైన ముక్కలు పైకి వచ్చేది మధ్యాహ్నం కదా. అంటే భోజనమయ్యాక. ఆ పరమ పవిత్రమైన మంచును మా అత్త ఊరగాయ జాడీలో చెయ్యిపెట్టిన చేత్తోనే ఎత్తి పెట్టెలో పెట్టిందని నా దర్యాప్తులో తేలింది. చెమట అని వాదించే వీలు లేదు, అక్కడి చలికి చెమట కూడా సెలవు పెట్టి ఉంటుంది. ఏడ్చావా? నా మీద బెంగతో అయితే క్షమించేస్తాను.

పైన గీకి లోపలిది పరీక్షించాల్సిందే, నాకు తెలుసు. కానీ ఆ ముక్కలు దారిలో కుదుపులకి బీటలు వారి వచ్చాయి. రంపం పెడితే పొడి అవుతాయని మొత్తంగా కరిగించేశాను.

అమ్మ నీకు ఉన్ని చేతొడుగులు అల్లుతోంది. అవి పూర్తయ్యేలోగా ఈ ఉత్తరంతో సబ్బు పంపుతున్నాను.

ఇట్లు,
పరిశుభ్రతా శాఖ తనిఖీ అధికారి

*

శిబిరం
డిసెంబరు 20

ఒరేయ్,

నీ హాస్యం నాకు నచ్చలేదు. కడ్డీని ఒట్టి చేత్తో నేను ఎన్నడూ ముట్టుకోను. మొదటి శిబిరంలో ఒక కుర్రాడు చేతొడుగు తీసి ముట్టుకుంటే వారం రోజులు గిన్నెలు తోమించాను. నువ్వేమో నాకు ఊరగాయ జాడీ అంటగడుతున్నావు. ఇక్కడ ఊరగాయ లేదు. ఉంటే వంటాయన దాచుకునేవాడు.

నీ యంత్రాన్ని చూసుకో. లేదంటే నీ చేతులు చూసుకో.

నా చికాకులు నాకు చాలు. వంటాయన జెండాల పని చెడగొట్టాడు. నేను దారం లాగినట్టు పాతించిన వరస డ్రమ్ముల దగ్గరికి వచ్చేసరికి పక్కకి జరిగి వంకరగా కనిపిస్తోంది. గాలికి పడితే తనే మళ్లీ పాతి ఉంటాడు. అడిగితే ముట్టుకోలేదని మొహమాటం లేకుండా అబద్ధం చెప్పాడు. రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఆ రెండు రోజులూ టీలో పంచదార వెయ్యలేదు.

షెడ్డు తలుపు కూడా మొరాయిస్తోంది. పట్టేసి మూసుకోవడం లేదు. మెకానిక్కు అంచులు చిత్రిక పట్టాడు. వారానికి మళ్లీ పట్టేసింది. పచ్చి చెక్కతో చేయించి పంపారు, ఎవరికి కమీషను ముట్టిందో. ఇనప ట్రంకు ఈడవడం ఎక్కువైంది. చప్పుడు వచ్చినప్పుడల్లా వంటాయన గరిటె ఆపి నా మొహం చూస్తాడు. "మామూలే" అంటాను. మళ్లీ గరిటె తిప్పుతాడు.

వదినకి చెప్పు, చేతొడుగులు నా కొలతకే అల్లమను. క్రితంసారివి ఆరో వేలుకి కూడా చోటిచ్చాయి.

అత్త

*

చలిగది
జనవరి 5

అలిగిన అత్తకి,

తెల్ల జెండా ఊపుతూ వస్తున్నాను. నీ చేతిలో ఉన్నది కర్రయితే పక్కన పెట్టు.

కానీ ఏం చెయ్యను? దారి మధ్యలోని గుంత కడ్డీలు కూడా కోశాను. మళ్లీ అదే లోతు, మళ్లీ అదే ఉప్పు. మొదటిదానికన్నా కాస్త తక్కువ, అంతే. అందులోనూ ఆ చోటి ముక్కలే బీటలతో వచ్చాయి. యంత్రాన్ని చూసుకోమన్నావు, చూసుకున్నాను. నా చేతులు చూసుకోమన్నావు, ఆరుసార్లు కడిగాను. తాతయ్య ఏడాదిని మళ్లీ పెట్టి చూశాను, చక్కగా మంచినీళ్లు వచ్చాయి. కనుక నేరస్థులు అక్కడే ఉన్నారు.

ఇక్కడ నాదొక చిన్న పొరపాటు దొర్లింది. కోప్పడనంటే చెబుతాను. నెలాఖరు నివేదికలో ఉప్పుకి కారణం రాయమని గడి ఉంటుంది. అందులో ఇలా రాశాను: "ఈ ముక్కలకు ఉప్పదనం ప్రకృతి హస్తం వలన కాక ప్రధాన డ్రిల్లరు హస్తం వలన ప్రాప్తించినదని మా వినమ్ర అభిప్రాయం." పెద్దసారు చదివి నవ్వుతారనుకున్నాను. ఆయన "ఊఁ" అని సంతకం పెట్టి పైఆఫీసుకి పంపించేశారు. వాళ్లకి నవ్వే అలవాటు ఉందో లేదో తెలియదు. నువ్వు పేరున్న మనిషివి, నవ్వి ఊరుకుంటారులే.

నాన్నకి చెబితే ఆయనకి మాత్రం నవ్వు రాలేదు. "అది చేతులు కడుక్కోకపోవడమా? చిన్నప్పుడు సబ్బునే సబ్బుతో కడిగేది" అన్నాడు. ఆ మాట దగ్గర నాకూ కాస్త ఏదోలా అయింది. అయినా యంత్రానికి బంధుత్వాలు ఉండవు కదా.

నిన్న నీ మంచు ముక్క ఒకటి గ్లాసు నీళ్లలో వేసి చూశాను. ఎప్పటివో గాలిబుడగలు పగిలి చిటపటలాడాయి. తాతయ్య పుట్టకముందు ఎవరో వదిలిన ఊపిరి. వింటుంటే, తొందరగా ఏదో చెప్పాలని చూస్తున్నట్టు ఉంది.

ఇట్లు,
కాస్త తగ్గిన
నీ మేనల్లుడు

*

శిబిరం
జనవరి 19

నీకు,

పైఆఫీసు నవ్వలేదు.

రేడియోలో చదివారు. వాతావరణం చెప్పే వేళకి, అన్ని శిబిరాల వాళ్లూ చెవులు పెట్టుకుని కూర్చునే వేళకి. "ప్రధాన డ్రిల్లరు చేతి అపరిశుభ్రత వలన రెండు గుంతల ఫలితాలు చెల్లవు, తిరిగి తవ్వాలి" అని, ఎవరికీ వినపడలేదేమోనని రెండోసారి కూడా. నేను పని నేర్పిన పిల్లలు ఇవాళ నాలుగు శిబిరాల్లో ఉన్నారు. వాళ్లంతా విన్నారు. మా షెడ్డులో ఎవరూ తల ఎత్తలేదు. వంటాయన నా కప్పులో రెండు చెంచాల పంచదార ఎక్కువ వేశాడు. అది ఇంకా భరించలేకపోయాను.

నిన్న విమానం వచ్చింది. పని ముగిసినట్టే కనుక అందరం ఎక్కి వచ్చేయాల్సింది. ముగ్గురిని ఇవాళ అందులో పంపేస్తున్నాను. ఆ రెండు గుంతలూ మళ్లీ తవ్వి, నా చేతి మీద పడ్డ మాట కడిగేసి వస్తాను. మెకానిక్కు డ్రిల్లు కోసం ఆగాడు. వంటాయనని వెళ్లమంటే, "జెండాలు నేను వంకర పాతలేదని మీరు ఒప్పుకునేదాకా కదలను" అని భీష్మించాడు. పోయిన వారం తనే వెళ్లి, నా ఎదురుగా, ఒక కన్ను మూసి, మొత్తం వరస సూటిగా పాతాడు. మళ్లీ వంకర తిరిగింది. ఇప్పుడు దాని గురించి ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. డ్రమ్ముల వైపు జెండాలు కూడా పొట్టివైనట్టు కనిపిస్తున్నాయి. మంచు ఎక్కువ కురిసి ఉంటుంది.

తలుపు ఇప్పుడు తెరుచుకోవడం లేదు. కిటికీలోంచి రాకపోకలు.

షెడ్డు వెనకాల మూడో గుంత తవ్వాను. కొత్త రబ్బరు చేతొడుగులు, వాటిపైన ఇంకో జత, మూతికి గుడ్డ. కడ్డీ పైకి వచ్చేటప్పుడు ఎవరినీ ఊపిరి కూడా పీల్చనివ్వలేదు. అడ్డం పడకుండా పరుపులో చుట్టి, పాలిథిన్ వేసి, టేపు మీద సంతకం పెట్టి, ముగ్గురితో పాటు విమానంలో పంపుతున్నాను. బీటలు వారే ప్రశ్నే లేదు. నలుగురి ముందూ కొయ్యి. పెద్దసారు ముందు కొయ్యి. అది మంచినీళ్లయితే రేడియోలో చెప్పించు. అదే వేళకి. రెండుసార్లు.

ఉప్పగా ఉంటే మాత్రం ఆ ఉప్పు నాది కాదు. అప్పుడు ఎవరిదో నువ్వే చెప్పాలి.

ఫిబ్రవరి ఎనిమిదికి మళ్లీ విమానం.

అత్త

*

రేడియో గది
ఫిబ్రవరి 2

అత్తా,

పెట్టె ఇవాళ పొద్దున వచ్చింది. నీ సంతకం చెక్కుచెదరలేదు. పెద్దసారునీ, పక్క గదుల వాళ్లనీ పిలిచి వందడుగుల లోతు ముక్కని అందరి ఎదుటా కోశాను. ఒక్క బీట కూడా లేదు. చుట్టూ అంగుళం మేర గీకి పారేసి, నడిమి గుండె మాత్రం తీసి కరిగించాను.

ఉప్పు.

నడిమి గుండెలో. చేతి ఉప్పు పైపైన ఉంటుంది, లోపలికి పోదు. ఈ ముక్క చదువు మొదటి ఏడాదిలోనే చెబుతారు. నేను నవ్వించే పనిలో ఉండి మర్చిపోయాను.

నీ ఉత్తరాలన్నీ తెచ్చి దీపం బల్ల మీద పక్కపక్కన పెట్టాను. మీ పాదాల కింద వందడుగులకి సముద్ర మట్టం అని నవంబరులోనే రాశావు. నాకు ఉప్పు తగిలిందీ ఆ లోతులోనే. ముందు డ్రమ్ముల దగ్గర, తర్వాత సగం దారిలో, ఇప్పుడు షెడ్డు వెనకాల. అది మీ వైపు నడుచుకుంటూ వస్తోందత్తా. డ్రమ్ముల దగ్గర మంచు కింద ఎక్కడో చీలింది. చీలికలోకి సముద్రం ఎక్కింది. అక్కణ్ణించి ఇంకుతూ వస్తోంది. వంటాయన జెండాలు సూటిగానే పాతాడు. నేలే పక్కకి జరిగింది. జెండాలు పొట్టివి కాలేదు, అటువైపు మంచు కుంగుతోంది. తలుపు చెక్క మంచిదే. దాని కింది నేల మెలితిరుగుతోంది. ట్రంకు పెట్టె ఏమిటో నేను రాయను, నీకు తెలుసు.

అన్నీ నువ్వే రాశావు. నేను సబ్బు పంపాను.

పెద్దసారు మొదట "ఊఁ" అనబోయారు. సగంలో ఆగి రేడియో గది వైపు పరుగు తీశారు. ఆయన పరుగెత్తగలరని ఇక్కడ ఎవరికీ తెలియదు. చాలాసేపు పిలిచాక మీ వంటాయన పలికాడు. మాటలు సగమే వినపడ్డాయి.

"మేడమ్ ఉన్నారా?"

"బయట ఉన్నారండీ. చేతులు కడుక్కుంటున్నారు. ఇది మూడోసారి."

"వెంటనే పిలవండి! అక్కణ్ణించి కదలాలి!"

"ఇవాళ డ్రమ్ముల దగ్గర గుంత మొదలండీ. శుభ్రంగా చెయ్యాలని పట్టుదల. రాగానే మాట్లాడిస్తా... ఏమిటండీ? గట్టిగా చెప్పండి. ఈ ట్రంకు చప్పుడుకి మీ మాట..."

తర్వాత బుస్సుమనే శబ్దం ఒక్కటే. మధ్యాహ్నం నుంచి పిలుస్తూనే ఉన్నారు.

తీరం స్టేషనులో విమానం సిద్ధంగా ఉంది. మబ్బు ఎత్తకపోతే లేవదట. పైలటు ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. ఈ ఉత్తరం పెట్టెలో పెట్టే టైము లేదు. నేను రాసిన కాగితం రాసినట్టే రేడియో ఆయన చదువుతున్నాడు. వాతావరణం చెప్పే వేళ ఇదే. అన్ని శిబిరాల వాళ్లూ చెవులు పెట్టుకుని కూర్చునే వేళ. నాలుగు శిబిరాల్లో నువ్వు పని నేర్పిన వాళ్లు వింటున్నారు. ఊరంతా వినాలనే చదివిస్తున్నాను. చదివింది అయిపోగానే మళ్లీ మొదటి నుంచి చదవమన్నాను, నువ్వు పలికేదాకా. వింటున్నవాళ్లెవరైనా సరే, ఆ శిబిరం మీకు దగ్గరైతే, మీరూ పిలవండి.

అమ్మ అల్లుతున్న చేతొడుగులు నీ కొలతకే సరిగ్గా వచ్చాయట. వచ్చి తొడుక్కుని చూడు.

నీ చేతులు శుభ్రంగా ఉన్నాయత్తా. మొదటి నుంచీ శుభ్రంగానే ఉన్నాయి. ఇక కడగకు. వంటాయననీ మెకానిక్కునీ తీసుకుని నడు. జెండాల వైపు కాదు, వాటికి వీపు పెట్టి, ఒడ్డు వైపుకి. డ్రిల్లు వదిలెయ్యి. ఈ మాట వినపడితే రేడియోలో ఒక్క తిట్టు తిట్టు, చాలు.

నీ గడుగ్గాయి